చుట్ట మానాలనుకునే గర్భిణికి తెలుగులో ఓ సందేశం: వైద్య ఆరోగ్య శాఖకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రివర్యులకు, ఆ శాఖ కమిషనర్ గారికి, జాతీయ ఆరోగ్య మిషన్ రాష్ట్ర అధికారులకు

అయ్యా, అమ్మా,

పొగాకు అలవాటున్న గర్భిణులు ఆ అలవాటు మానుకునేందుకు ఫోను ద్వారా తెలుగులో తోడ్పాటు అందించే సేవ ఒకటి మన రాష్ట్రంలో మొదలుపెట్టాలని, దాన్ని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, అనకాపల్లి జిల్లాల తీర మండలాల నుంచి ప్రారంభించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఉత్తరాంధ్రలో ప్రభుత్వ వైద్యురాలిగా చాలాకాలం పనిచేసి, ఎందరో తల్లుల కాన్పులు చూసినదాన్ని కనుక ఈ మాట అడుగుతున్నాను. గర్భిణి రక్తహీనత, రక్తపోటు, మధుమేహం విషయంలో మన వ్యవస్థ ఎంతో శ్రద్ధ చూపుతోంది. పొగాకు సంగతి వచ్చేసరికి మాత్రం మన ఆడవాళ్లు పొగ తాగరన్న నమ్మకం దగ్గర ఆగిపోతోంది. ఆ నమ్మకం రాష్ట్రంలో చాలాచోట్ల నిజం కావచ్చు. మా తీరంలో నిజం కాదు.

భావనపాడు నుంచి పూడిమడక దాకా ఉన్న మత్స్యకార పల్లెల్లోనూ, వాటిని ఆనుకున్న వ్యవసాయ గ్రామాల్లోనూ స్త్రీలు చుట్ట కాల్చడం కొత్త సంగతి కాదు, దాచిపెట్టే సంగతీ కాదు. వెలిగించిన కొసను నోటిలోపల పెట్టుకుని కాల్చే అడ్డపొగ ఈ ప్రాంతంలో పాతుకుపోయిన అలవాటు. 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్ ప్రచురించిన అధ్యయనం కోసం పరిశోధకులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించారు. వారిలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవారని తేలింది. అంగిలి క్యాన్సర్‌కూ ఈ అలవాటుకూ ఉన్న సంబంధం గురించి విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాల వైద్యులూ పరిశోధించి రాశారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదని, నుసి బట్టల మీదా చేపల బుట్టలోనూ రాలదని, ఒక్క చుట్ట చాలాసేపు వస్తుందని ఆ స్త్రీలు కారణాలు చెబుతారు. పంటి నొప్పికి మొదలుపెట్టామనేవారు, అమ్మకో అమ్మమ్మకో చుట్ట వెలిగించి ఇస్తూ ఇస్తూ అలవాటు పడ్డామనేవారు కూడా ఎక్కువే. అయితే ఈ అలవాటు గురించి ఇన్నేళ్లుగా వచ్చిన రాతల్లో అధికభాగం నోటి గురించే. ఆ స్త్రీ కడుపులో ఉన్న బిడ్డ గురించి మనం ఆలోచించింది చాలా తక్కువ.

అంకెల విషయంలో నేను దేన్నీ పెంచి చెప్పదలచుకోలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పదిహేనేళ్లు దాటిన స్త్రీలలో ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవారు 3.8 శాతం. పురుషుల్లో అది 22.6 శాతం. పైగా చుట్ట కాల్చే స్త్రీలలో వయసు మళ్లినవారే ఎక్కువ. చదువుకున్న ఆడపిల్లలు దానికి దూరంగానే ఉంటున్నారు, అది సంతోషించాల్సిన విషయం. కానీ రాష్ట్ర సగటును చూసి తీర గ్రామం పరిస్థితిని అంచనా వేయలేము. చుట్ట లేని చోట ఖైనీ ఉంటుంది, నమిలే పొగాకు ఉంటుంది, ఒడిశా సరిహద్దు మండలాల్లో పళ్లకు రాసుకునే గుడాకు ఉంటుంది. సంఖ్యలో కొద్దిమందే అయినా, ఆ కొద్దిమందికి గర్భిణిగా నమోదైన రోజు నుంచి కాన్పు అయ్యేదాకా ఈ ఒక్క విషయంలో మనం ఏ సహాయమూ అందించడం లేదు.

పొగ వల్ల గర్భానికి జరిగే హాని ఎలా ఉంటుందో మీ శాఖలోని వైద్యులకు నేను చెప్పనక్కరలేదు. అయినా ఈ లేఖ చదివే ఇతరుల కోసం క్లుప్తంగా చెబుతాను. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ తల్లి రక్తంలో ప్రాణవాయువు ఉండాల్సిన చోటును ఆక్రమిస్తుంది, మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డ రక్తంలోకీ చేరుతుంది. నికోటిన్ రక్తనాళాలను కుంచింపజేస్తుంది. ఫలితంగా బిడ్డ బరువు తగ్గుతుంది, నెలలు నిండకముందే కాన్పు రావడం, మాయ ముందే విడిపోవడం, మృతశిశువు పుట్టడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. పొగ లేని పొగాకైతే ఫరవాలేదనుకునేవారు చాలామంది ఉన్నారు కనుక ఒక అధ్యయనాన్ని ప్రత్యేకంగా ప్రస్తావిస్తాను. ముంబైలో 1,217 మంది గర్భిణులను అనుసరించి చేసి, 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన ఆ అధ్యయనంలో, నమిలే పొగాకు, పళ్లకు రాసుకునే పొగాకు వాడిన తల్లుల బిడ్డలు సగటున 105 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు. అసలే రెండున్నర కిలోలకు అటూఇటూగా పుట్టే మన బిడ్డలకు నూరు గ్రాములు చిన్న విషయం కాదు.

ఇందులో మనకు అనుకూలమైన అంశం కూడా ఒకటుంది. గర్భం తొలి నెలల్లోనే మానేసిన తల్లుల బిడ్డల బరువు, ఎన్నడూ పొగ తాగని తల్లుల బిడ్డల బరువుకు దాదాపు సమానంగా ఉంటుంది. ఆలస్యంగా మానినా లాభమే, ఎందుకంటే మానేసిన ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి దిగుతుంది. ఆడది తన ఒంటి గురించి, తినే తిండి గురించి అందరి మాటా వినడానికి సిద్ధపడే కాలం కూడా గర్భధారణ కాలమే. వేవిళ్ల నెలల్లో చుట్ట వాసనే పడక దానంతట అదే దూరమైన స్త్రీలను నేను చూశాను. అయిదో నెల దాటి ఒంట్లో నెమ్మదించాక, వారిలో చాలామంది మళ్లీ మొదలుపెట్టారు. ఆ నడిమి నెలల్లో వారిని ఎవరూ పలకరించలేదు.

మందులతో ఎందుకు మాన్పించకూడదని మీరు అడగవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో గర్భిణులు, పొగాకు అన్న అంశం మీద విడుదల చేసిన సిఫార్సుల్లో, పొగాకు మాన్పించే మాత్రలైన బుప్రోపియాన్, వరెనిక్లిన్ గర్భిణులకు వాడవద్దని చెప్పింది. నికోటిన్ బిళ్లలు, పట్టీల విషయంలో ఆధారాలు చాలవని ఎటూ తేల్చలేదు. మాన్పించే విషయంలో అది గట్టిగా సిఫార్సు చేసినది ఇది: ప్రతి గర్భిణినీ, వీలైనంత తొలినాళ్లలోనే, ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ పొగాకు గురించి అడగడం, అలవాటున్నవారికి సలహా, మానసిక ఆసరా అందించడం. అంటే ఇక్కడ మాటే మందు. కానీ ఆ మాట నెలకోసారి, ఆసుపత్రి వరుసలో, రెండు నిమిషాల్లో చెబితే చాలదు. చుట్ట మీదకు మనసు పోయేది ఆసుపత్రిలో కాదు. తెల్లవారుజామున పొయ్యి వెలిగించినప్పుడు, చేపల రేవులో పడవల కోసం ఎదురుచూసేటప్పుడు, మధ్యాహ్నం నలుగురు చేరినప్పుడు పోతుంది. ఆ సమయానికి ఏఎన్ఎం గాని ఆశా కార్యకర్త గాని అక్కడ ఉండలేరు. ఫోను ఉండగలదు.

ఇది నేను కొత్తగా ఊహించి చెబుతున్నది కాదు. బ్రిటన్‌లో 5,800 మందితో జరిగి 2011లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయిన టెక్స్ట్‌టుస్టాప్ పరీక్షలో, మానేందుకు తోడ్పడే ఎస్ఎంఎస్‌లు అందుకున్నవారిలో ఆరు నెలలపాటు పొగ మానినవారు 10.7 శాతం, అవి అందనివారిలో 4.9 శాతం. మానామని నోటితో చెప్పినదాన్ని లెక్కలోకి తీసుకోకుండా పరీక్ష చేసి నిర్ధారించిన అంకెలివి. గర్భిణుల కోసం ప్రత్యేకంగా అక్కడి పరిశోధకులు మిక్విట్ అనే సందేశ సేవను తయారుచేశారు. పన్నెండు వారాలపాటు, గర్భిణికి ఎన్నో వారమో, ఆమె ఎప్పుడెప్పుడు పొగ తాగుతుందో, మానాలన్న కోరిక ఎంత బలంగా ఉందో చూసుకుని సందేశాలు మారుతూ వెళతాయి. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ నడిపే సందేశ సేవల్లో, కోరిక పుట్టినప్పుడు క్రేవ్ అని, మనసు బాగాలేనప్పుడు మూడ్ అని, తప్పిపోయి ఒకటి కాల్చినప్పుడు స్లిప్ అని పంపితే వెంటనే జవాబు వస్తుంది. గర్భిణుల కోసం ఆ సంస్థ విడిగా ఒక సేవను తీర్చిదిద్దింది.

ఇక్కడ మీకు పూర్తి నిజం చెప్పాలి. మిక్విట్‌ మీద జరిగిన తొలి పరీక్షలు ఆశ కలిగించాయి. 2017లో ఫలితాలు వచ్చిన 407 మంది గర్భిణుల పరీక్షలో, గర్భం చివరిదాకా పొగకు దూరంగా ఉన్నవారు సందేశాలు అందినవైపు 5.4 శాతం, అందనివైపు 2 శాతం. ఆ తర్వాత వెయ్యిమందితో జరిగిన పెద్ద పరీక్షలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి ఎస్ఎంఎస్‌లు పంపితే చాలు, అందరూ మానేస్తారని నేను చెప్పడం లేదు. అలా చెప్పి మీ చేత ఒక పథకం ప్రకటింపజేసి, ఏడాది తర్వాత ఫలితం లేదని దాన్ని మూసివేయడం నాకు ఇష్టం లేదు. ఆ పరీక్షలు జరిగిన ఇంగ్లండులో గర్భిణికి ఎస్ఎంఎస్‌ కాక ఇంకా చాలా సదుపాయాలున్నాయి. ప్రతి గర్భిణినీ మంత్రసాని పొగ గురించి అడుగుతుంది, ఊపిరిలోని కార్బన్ మోనాక్సైడ్‌ను చిన్న పరికరంతో కొలుస్తుంది, అలవాటుందని తేలితే మానిపించే నిపుణుల దగ్గరకు తానే పంపుతుంది. కాన్పు నాటికి పొగ తాగుతున్న తల్లులు అక్కడ 2010-11లో 13.5 శాతం ఉండగా 2023-24 నాటికి 7.4 శాతానికి తగ్గడం వెనుక ఇవన్నీ కలిసి ఉన్నాయి. సందేశాలు అందని వర్గానికి కూడా అక్కడ ఇంత ఆసరా ఉంది. మన గర్భిణికి ఇందులో ఏ ఒక్కటీ లేదు. అందువల్ల అక్కడ తేలని తేడా ఇక్కడా తేలదని అనుకోవడానికి వీల్లేదు, తేలుతుందని ముందే చెప్పడానికీ వీల్లేదు. చేసి, కొలిచి చూడాలి.

మన దగ్గర ఇప్పటికే ఉన్నవి ఎందుకు సరిపోవన్నది తర్వాతి ప్రశ్న. 2016లో కేంద్ర ప్రభుత్వం మిస్డ్ కాల్ ఇస్తే ఎస్ఎంఎస్‌లు వచ్చే ఎంసెసేషన్ సేవను, 1800-11-2356 నంబరుతో పొగాకు మానేందుకు ఫోనులో సలహా ఇచ్చే ఉచిత క్విట్‌లైన్‌ను ప్రారంభించింది. రెండూ మంచివే. కానీ అవి అందరికీ ఉద్దేశించినవి, గర్భిణి కోసం చేసినవి కావు. క్విట్‌లైన్ నంబరును 2018 సెప్టెంబరు నుంచి పొగాకు ప్యాకెట్ల మీద ముద్రిస్తున్నారు. మా పల్లెల్లో చుట్టకు ప్యాకెట్టే ఉండదు. సంతలో పొగాకు కాడలు కొనుక్కుని ఇంటి దగ్గర చుట్టుకుంటారు, లేదా పక్క కొట్టులో ఒకటీ రెండూ విడిగా కొనుక్కుంటారు. ప్యాకెట్ మీద 85 శాతం మేర బొమ్మతో, రాతతో ఉండే హెచ్చరికను గాని, అందులో ఉండే నంబరును గాని ఈ స్త్రీలు ఏనాడూ చూడరు. సిగరెట్ కొనే పట్నపు మగవాడిని దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు, చుట్ట చుట్టుకునే పల్లె స్త్రీ దాకా రాలేదు.

ఆమె దాకా చేరే దారి ఇంకొకటి ఉంది, అది మీ చేతుల్లోనే ఉంది. గర్భిణి పేరు నమోదైనప్పుడే ఆమె ఫోను నంబరు తల్లీబిడ్డల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ ఆర్‌సీహెచ్ పోర్టల్‌లోకి చేరుతుంది. ఆ నంబరుకే, గర్భం నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారానికొకటి చొప్పున 72 వాయిస్ సందేశాలు పంపేలా కేంద్రం కిల్కారి అనే సేవను రూపొందించింది. ఈ దారినే మనం వాడుకోవచ్చు. మామూలు సందేశాలు అందరికీ వెళ్లినట్టే వెళతాయి. పొగాకు అలవాటుందని నమోదై, ఆమె సమ్మతించినప్పుడు మాత్రం, మరికొన్ని సందేశాలు ఆమెకు తోడవుతాయి. కొత్త యాప్ అక్కర్లేదు, కొత్త కార్యాలయమూ అక్కర్లేదు.

అయితే అలవాటుందని నమోదు కావడమే ఇందులో అన్నిటికంటే కష్టమైన పని. నేను చూసిన రికార్డుల్లో గర్భిణి పొగాకు గురించి రాయాల్సిన చోట దాదాపు ఎప్పుడూ 'లేదు' అనే ఉండేది. అడగకుండా రాసినవి కొన్ని. అడిగినా, అడిగే తీరు వల్ల నిజం బయటికి రానివి మరికొన్ని. వరుసలో పదిమంది ముందు నువ్వు చుట్ట కాలుస్తావా అని గట్టిగా అడిగితే ఏ ఆడమనిషీ అవునని చెప్పదు. చెప్పినవారికి దక్కేది మందలింపు. కాన్పు గదిలో నొప్పులు పడుతున్న తల్లిని, చుట్ట కాల్చావు కనుకే బిడ్డ ఇంత చిన్నగా ఉందని అన్న మాటలు నేను విన్నాను. ఆ మాట విన్న తల్లి మరుసటి గర్భంలో ఈ విషయం మనతో పంచుకోదు, ఒక్కోసారి ఆసుపత్రికే ఆలస్యంగా వస్తుంది. అందుచేత సందేశాల కంటే ముందు మన సిబ్బందికి అడగడం నేర్పాలి. పరీక్ష గదిలో, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు, రక్తపోటు చూస్తూ 'ఈ ఊళ్లో చాలామందికి చుట్ట అలవాటు ఉంటుంది కదమ్మా, నీకూ ఉందా? మానాలనుకుంటే మేం సాయం చేస్తాం' అని అడిగితే జవాబు వేరుగా వస్తుంది. చుట్ట, బీడీ, ఖైనీ, గుడాకు, పొగాకు వేసిన కిళ్లీ అంటూ ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగాలి. 'పొగ తాగుతావా' అన్న ప్రశ్నకు ఖైనీ వాడే స్త్రీ లేదనే చెబుతుంది, ఆమె దృష్టిలో అది నిజమే.

సందేశం ఎలా ఉండాలన్న దాని మీద కాస్త విపులంగా రాయడానికి అనుమతించండి, ఎందుకంటే ఇటువంటి పథకాలు చెడిపోయేది సరిగ్గా అక్కడే. మొదటిది, ఇక్కడ అక్షరాల కంటే గొంతుకు ప్రాధాన్యం ఇవ్వాలి. 2019-21 సర్వేలోనే, దేశంలో తాము సొంతంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు 54 శాతం. ఆ ఫోను ఉన్నవారిలోనూ ఎస్ఎంఎస్ చదవగలిగినవారు అందరూ లేరు. మన రాష్ట్రంలో సొంత ఫోను ఉన్న స్త్రీలు సగం దరిదాపుల్లోనే ఉన్నారు. తీర గ్రామాల్లో ఈ కొరత ఇంకా ఎక్కువని వేరే చెప్పనవసరం లేదు. కాబట్టి నిమిషానికి మించని వాయిస్ సందేశమే మూలం కావాలి, చదవగలిగినవారికి ఎస్ఎంఎస్ అదనం కావాలి. ఆ గొంతు కూడా వార్తలు చదివే గొంతు కాకూడదు. శ్రీకాకుళం, విజయనగరం మాండలికంలో, వరసపెట్టి పిలిచే ఒక పెద్దావిడ గొంతు కావాలి.

ఎస్ఎంఎస్ విషయంలో ఒక సాంకేతిక చిక్కు ఉంది. ఇంగ్లీషు అక్షరాలైతే ఒక ఎస్ఎంఎస్‌లో 160 పడతాయి. తెలుగు అక్షరాలైతే గుణింతపు గుర్తులూ, ఒత్తులూ విడివిడిగా లెక్కకు వచ్చి మొత్తం 70 మాత్రమే పడతాయి. పొడవైతే ముక్కలై ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి తెలుగును ఇంగ్లీషు లిపిలో రాసి పంపే అలవాటు కొన్ని శాఖల్లో ఉంది. దయచేసి ఇక్కడ అది చేయవద్దు. తెలుగు కూడబలుక్కుని చదివే స్త్రీకి ఆ రాత ఒక్క ముక్కా అర్థం కాదు. చిన్న మాటల్లో తెలుగు చక్కగా ఇముడుతుంది: 'కోరిక రాగానే అయిదు నిమిషాలు ఆగండి. చల్లటి నీళ్లు తాగండి.' ఇది ఒక్క ఎస్ఎంఎస్‌లో పడుతుంది. చేయదగిన పని ఒకటి చెబుతుంది. నిందించదు, భయపెట్టదు. ఇటువంటివి కొన్ని డజన్లు రాసి, ముందుగా ఆ స్త్రీలకే వినిపించి, వారికి నచ్చనివి తీసివేసి ఖరారు చేయాలి. నాయకులకో మంత్రిగారికో ఉపయోగపడే నినాదాలు, పొగాకు ప్రాణాంతకం వంటి హెచ్చరికలు ఇందులో ఉండకూడదు. హాని సంగతి ఆమెకు తెలుసు. తెలియనిది ఆ పూట ఎలా గడపాలన్నదే.

మన సందేశం ఒకవైపు నుంచే వెళ్లకూడదు. మనసు లాగినప్పుడు ఆమె మిస్డ్ కాల్ ఇస్తే వెంటనే తిరిగి ఫోను మోగి ధైర్యం చెప్పే మాట వినిపించాలి. ఫోనులో ఒకటి నొక్కితే కోరిక తట్టుకునే ఉపాయం, రెండు నొక్కితే తప్పిపోయి కాల్చినవారికి ఓదార్పు, మూడు నొక్కితే తెలుగు మాట్లాడే మనిషి దొరకాలి. ఆ రెండో మీట చాలా ముఖ్యమైనది. పది రోజులు ఆపి పదకొండో రోజు ఒకటి కాల్చిన స్త్రీ, ఇక నా వల్ల కాదనుకుని పూర్తిగా పాత అలవాటుకు వెళ్లిపోతుంది. ఒకటి కాల్చినంత మాత్రాన పది రోజుల శ్రమ పోలేదని ఆ గంటలోనే ఎవరో ఒకరు ఆమెకు చెప్పాలి. మూడో మీట లేకపోతే ఈ సేవ మొత్తం అరకొరే అవుతుంది. అలా నొక్కినవారి వివరం మరునాటికి ఆ ఊరి ఏఎన్ఎంకు చేరాలి. ఆమె ఇంటికి వెళ్లి కూర్చుని మాట్లాడాలి.

ఫోను భర్తది, లేదా కొడుకుది అయినప్పుడు ఏం చేయాలన్నది కూడా ముందే ఆలోచించాలి. అనుకోకుండా అత్తగారి చెవిన పడే సందేశంలో నువ్వు చుట్ట మానేశావా అని ఉంటే ఇంట్లో గొడవ అవుతుంది. కొన్ని ఇళ్లల్లో దెబ్బలూ పడతాయి. నమోదు సమయంలోనే, ఫోను ఎవరి దగ్గర ఉంటుంది, ఏ వేళకు మోగితే ఫరవాలేదు, చుట్ట ప్రస్తావన ఉండవచ్చా అని అడిగి రాసుకోవాలి. ఉండకూడదన్నవారికి గర్భిణి ఆరోగ్యం పేరుతోనే మాటలు వెళ్లాలి. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు ఆపే వీలుండాలి. ఈ వివరాలు వైద్యానికి సంబంధించినవి కనుక ఇతర శాఖలకు, ఏ సంక్షేమ పథకపు అర్హత లెక్కకు వెళ్లకూడదు. చుట్ట కాలుస్తానని చెబితే డబ్బులు ఆగిపోతాయేమోనన్న అనుమానం ఒక్కసారి పుడితే, ఆ ఊళ్లో మళ్లీ ఎవరూ నోరు విప్పరు.

భర్తల గురించి చెప్పకుండా ఈ లేఖ ముగించలేను. చుట్ట ముట్టని గర్భిణులు మన రాష్ట్రంలో లక్షల్లో ఉన్నారు. కానీ వారిలో ఎందరో ఒకే గదిలో, భర్తో మామగారో కాల్చే బీడీ, సిగరెట్ పొగ పీలుస్తూ నెలలు మోస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సుల్లో ఇంట్లో పీల్చే పొగ గురించి అడగడం కూడా ఉంది. గర్భిణి ఒప్పుకుంటే ఆమె భర్త ఫోనుకు కూడా ఇటువంటి సందేశాలు వెళ్లాలి. మొదటి కోరిక మానమని కాదు, ఇంట్లోపల కాల్చవద్దని. తండ్రి కాబోతున్నవాడు ఆ మాట వినే అవకాశం ఎక్కువని నా అనుభవం. భార్య మానాలనుకుంటున్నప్పుడు పక్కనే ఉన్న భర్త, అత్తగారు కాలుస్తూనే ఉంటే ఆమె నిలబడడం ఎంత కష్టమో కూడా ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలి.

కాన్పు తర్వాతి నెలలను కూడా కలుపుకోవాలి. గర్భంలో మానినవారిలో చాలామంది బిడ్డ పుట్టాక మళ్లీ మొదలుపెడతారని అన్ని దేశాల అనుభవమూ చెబుతోంది. మన దగ్గర దానికి తోడు, బాలింతకు చలి చేయకుండా చుట్ట మంచిదని చెప్పే పెద్దలున్నారు. కిల్కారి ప్రణాళిక బిడ్డకు ఏడాది నిండేదాకా సాగుతుంది కనుక ఈ సందేశాలనూ అంతవరకు పొడిగించడం తేలిక. తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖవారు కూడా ఈ సేవను పంచుకోవచ్చు. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో కడుపుతో ఉండి కూడా రోజంతా పొగాకు దుమ్ము మధ్య బీడీలు చుట్టే స్త్రీల సమస్య వేరే రకమైనదైనా, భాష ఒక్కటే, సందేశం వెళ్లే దారీ ఒక్కటే.

శ్రీకాకుళం జిల్లాకు ఇది మొదటిసారి కాదని కూడా గుర్తుచేస్తాను. పొగాకు వాడే 36,000 మందిని మాటలతో, సినిమాలతో, పోస్టర్లతో మాన్పించే ప్రయత్నం గురించి 1986లో లాన్సెట్‌లో ఒక వ్యాసం వచ్చింది. ఆ ప్రయత్నం జరిగిన మూడు ప్రాంతాల్లో ఎర్నాకుళం, భావనగర్‌లతోపాటు శ్రీకాకుళం ఒకటి. ఫోను లేని ఆ రోజుల్లో మనుషులు ఇల్లిల్లూ తిరిగి చెప్పారు, కొంతమంది మానారు, కొంతమంది తగ్గించారు. అడ్డపొగ తాగే ఆడవాళ్లకు చెప్పి లాభం లేదనే మాట అప్పటికీ నిజం కాదు, ఇప్పటికీ కాదు.

నేను కోరేది రాష్ట్రమంతటా ఒకేసారి అమలు చేయమని కాదు. నాలుగు జిల్లాల తీర మండలాల్లో కొన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను ఎంచుకుని, సగం కేంద్రాల్లో ముందు, మిగతా సగంలో తర్వాత ఈ సేవను ప్రవేశపెట్టండి. అప్పుడు రెండింటినీ పోల్చి చూసే అవకాశం దొరుకుతుంది. ఎంతమందిని అడిగారు, ఎంతమంది అవునన్నారు, ఎంతమంది సందేశాలు చివరిదాకా విన్నారు, కాన్పు నాటికి ఎంతమంది మానేశారు, బిడ్డ బరువు ఎంత అన్న లెక్కలు బహిరంగంగా ప్రకటించండి. మానామన్న మాటను నిర్ధారించడానికి ఊపిరి పరీక్ష పరికరాలు ప్రతి కేంద్రానికీ ఒకటి చొప్పున ఇవ్వవచ్చు. ఖైనీ వాడేవారి విషయంలో అది పనికిరాదు కనుక వారికి మూత్ర పరీక్ష చేయాలి. ఆంధ్ర వైద్య కళాశాలలోని సామాజిక వైద్య విభాగం ఈ కొలతల బాధ్యత తీసుకోగలదు. ఫలితం ఆశించినంత లేకపోతే ఆ సంగతీ చెప్పండి, ఏ భాగం పనిచేయలేదో చూసి మార్చవచ్చు.

అందులో మొదటి అడుగుకు డబ్బు కూడా అక్కర్లేదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులు పరీక్షలకు వస్తారు. వచ్చే నెల 9 నుంచే ఈ తీర మండలాల్లో ప్రతి గర్భిణినీ విడిగా, మర్యాదగా పొగాకు గురించి అడిగి రాయాలని ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఎంతమంది ఉన్నారో మూడు నెలల్లో మీకే తెలుస్తుంది. సందేశాల పాఠాన్ని మా ప్రాంతపు మాటల్లో రాసి, ఊళ్లలో వినిపించి సరిదిద్ది మీకు అందజేయడానికి నేను, నాతో కలిసి పనిచేసిన ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఏ పారితోషికమూ ఆశించకుండా సిద్ధంగా ఉన్నాం. మీ శాఖ నుంచి ఎవరిని కలవాలో తెలియజేస్తే చాలు.

ఇట్లు,
ఉత్తరాంధ్ర తీర ప్రాంతంలో పనిచేసిన ఒక ప్రభుత్వ వైద్యురాలు